తాత అతికించిన పేపర్ ముక్కల కింద వెట్టి లెక్కలున్నాయి. ముక్కలు ఊడదీయాలా, అలాగే ఉంచాలా?

మిర్యాలగూడ సోషల్ టీచర్

అందరికీ నమస్తే. పాత కాగితాల సంగతి తెలిసినవాళ్లు కొంచెం ఓపికగా ఇది చివరిదాకా చదివి సలహా చెప్పండి.

మాది కోదాడ దగ్గర ఊరు. మా తాత పోలీసు చర్యకు (1948లో నిజాం మీదికి ఇండియా సైన్యం వచ్చినప్పటి సంగతి) ముందు మా ఊరి పట్వారీ దగ్గర లెక్కలు రాసేవారు. భూమి పెద్దగా లేదు. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉండేదట. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చు. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. మొన్న దసరా సెలవుల్లో ఊళ్లో పాత ఇల్లు విప్పిస్తుంటే, అటక మీద రేకుపెట్టెలో ఎర్రబట్ట అట్టతో ఒక లెక్కల పుస్తకం దొరికింది. రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. తెరిస్తే పేజీ పేజీకీ పేపర్ ముక్కలు, తుమ్మబంకతో అతికించి ఉన్నాయి.

మొట్టమొదటి పేజీలో అబ్రహం లింకన్ బొమ్మ. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మా ఊళ్లో, ఆ రోజుల్లో, లింకన్ ఎందుకు? తర్వాత గుర్తొచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, రావిచెట్టు రంగారావు గారు కలిసి 1906లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన విజ్ఞాన చంద్రికా గ్రంథమాలలో మొదటి పుస్తకం లింకన్ చరిత్రే. రాసింది గాడిచర్ల. లక్ష్మణరావు గారు మా పక్కనే ఉన్న మునగాలకు దివాను. ఆ పుస్తకం మా తాత చేతిదాకా వచ్చిందో లేదో తెలియదు గానీ, బానిసత్వాన్ని రద్దు చేసినాయన పేరు మా వైపు కొత్తదేమీ కాదన్నమాట.

లింకన్ తర్వాత అంతా మన నల్లగొండే. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన ఆంధ్రమహాసభ, 1946 జులైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోవడం, చిట్యాల ఐలమ్మ భూమి తగాదా, 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్య, సెప్టెంబరులో సైన్యం రావడం, జాగీర్ల రద్దు, 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భూదానం, 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలవడం, ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ గొడవ, రాష్ట్రాల పునర్విభజన మీద వేసిన ఫజల్ అలీ కమిషన్. చివరి ముక్క 1956 నవంబరుది. అక్కడితో ఆగిపోయారు. ఇంకా ఇరవై పేజీలు ఖాళీ.

పేపర్లు ఎట్లా వచ్చేవో మా అవ్వ చెప్పేది. మునగాల పరగణా అప్పట్లో నిజాం కింద లేదు. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో అది మాత్రం కృష్ణా జిల్లాది, అంటే మద్రాసు వాళ్లది. ఇక్కడ దొరకని పేపర్ అక్కడ దొరికేది. ఎద్దులబండి తోలే ఒకాయన పొగాకు కట్టలో పెట్టి తెచ్చేవాడట. తాత రాత్రి దీపం దగ్గర చదివి, తెల్లారేలోపు కత్తిరించి దాచేవారట.

ఇక అసలు సంగతి. బంక ఎండిపోయి కొన్ని ముక్కల మూలలు వాటంతట అవే లేచాయి. ఒకదాని కింద తాత చేతిరాతే కనిపించింది. తెలుగులో, చిన్న చిన్న గళ్లలో. "చాకలి" అని ఒక పేరు, "కుమ్మరి" అని ఒక పేరు, "మాదిగ" అని రెండు పేర్లు. ఎదురుగా "కట్టెలు రెండు మోపులు", "కుండలు నాలుగు", "డేరా మోత", "రాత్రి కాపలా". పైన "తహసీల్దార్ మకాం". డబ్బు రాయాల్సిన గడిలో అడ్డగీత. అన్ని వరసల్లోనూ అడ్డగీతే.

అది వెట్టి వంతుల లెక్క. అధికారి ఊరికొస్తే ఎవరు ఏం మోయాలి, ఎవరు ఏం తేవాలి అని రాసింది మా తాత. చిన్నప్పటి నుంచీ మేం విన్నది తాత సంఘం (ఆంధ్రమహాసభను ఊళ్లలో అట్లాగే అనేవాళ్లు) మనిషి అనే. అబద్ధం కాదు. కానీ ఈ రాతా ఆయనదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఇంట్లో మూడు మాటలు. మా చిన్నాన్న నాయకుల బొమ్మలు, పెద్ద వార్తలు కత్తిరించి, లామినేషన్ చేయించి, ఊరి లైబ్రరీలో ఫ్రేములు కట్టిద్దామంటారు. మా తమ్ముడు ముక్కలన్నీ ఊడదీసి తేదీల వరసలో కొత్త ఆల్బంలో పెడదామంటాడు. నాకేమో కింద ఉన్న పేర్లన్నీ చదవాలని ఉంది. ఆవిరి పట్టి ముక్కలు లేపితే చదవొచ్చా? తాత కొన్ని ముక్కల పక్కన ఉర్దూలో ఏదో తేదీ రాశారు, అదీ అర్థం కావట్లేదు. అలాంటి ఒక ముక్క, కడవెండి వార్తది, ఫొటో పెడుతున్నాను. పేపర్ పేరు, అసలు తేదీ మాత్రం చాలావాటికి అంచుతో పాటు కత్తిరించేశారు.

పాలమూరు పుస్తకాల మనిషి

టీచరమ్మా, ముందు ఆ ఆవిరి ఆలోచన మానుకో. లామినేషన్ మాట ఇంకెవరూ ఎత్తకుండా చూడు. నేను మహబూబ్‌నగర్‌లో గ్రంథాలయంలో ముప్పైరెండేళ్లు పనిచేసి రిటైర్ అయినోణ్ని. లామినేషన్ చేసిన కాగితాన్ని మళ్లీ బయటికి తీయగలిగిన మనిషిని నా సర్వీసులో చూడలేదు. వేడికి ప్లాస్టిక్ కరిగి కాగితంలోకి పోతుంది, అంతే. లోపల కాగితం పాడవడం మాత్రం ఆగదు. న్యూస్‌ప్రింట్ చౌక కలప గుజ్జుతో చేస్తారు. వెలుతురు, గాలి తగిలేకొద్దీ దానిలోనే ఆమ్లం పుట్టి పసుపుబారి పెళుసవుతుంది. దానికి మందు చల్లటి, చీకటి, పొడి చోటు.

తుమ్మబంక నీళ్లకు కరుగుతుంది, నిజమే. కానీ ఆ తడికి కింద ఉన్న సిరా కూడా పారుతుంది. నీకు కావలసింది ఆ సిరాయే కదా. తడి పెట్టాల్సి వస్తే అది శిక్షణ ఉన్నవాళ్లు చేయాల్సిన పని. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. పుస్తకం తీసుకుపోకముందు ఫొటోలు తీసుకుపోయి అడుగు.

అంతకంటే ముందు ఇంట్లోనే ఒక పని చెయ్యి. రాత్రి గదిలో లైట్లు ఆర్పి, ఒక్క పేజీని నిలబెట్టి పట్టుకొని వెనక నుంచి వేడెక్కని ఎల్‌ఈడీ లైటు వెయ్యి. టార్చి కూడా చాలు. లెక్కల పుస్తకం కాగితం మందంగా ఉన్నా, సిరా గీతలు నీడలా కనిపిస్తాయి. అచ్చు అక్షరాలూ కనిపిస్తాయి, రెండూ కలిసిపోతాయి. అందుకే పేజీకి మూడు ఫొటోలు తీయి: మామూలు వెలుతురులో ఒకటి, వెనక లైటుతో ఒకటి, పేజీ తిప్పి వెనక వైపు నుంచి ఒకటి. ఆ మూడోది ఫోన్లో అద్దంలా తిరగేస్తే రాత సరిగ్గా వస్తుంది. సగానికి సగం చదవగలవు. పక్కన ఒక స్కేలు పెట్టు, ముక్క కొలత తెలుస్తుంది.

మీ తమ్ముడికి చెప్పు, తేదీల వరస ఫొటోల్లో పెట్టుకొమ్మని. కంప్యూటర్‌లో ఎన్ని వరసలైనా పేర్చుకోవచ్చు. పుస్తకంలో ఉన్న వరస ఒక్కసారి చెదిరితే మళ్లీ రాదు. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాడన్నది మీ తాత నోటితో చెప్పని మాట.

ఉర్దూలో ఉన్నవి ఫసలీ తేదీలై ఉంటాయి, అంటే నిజాం సర్కారు లెక్కల్లో వాడిన సంవత్సరం. పైన ఒక ఫొటో పెట్టావు కదా, దానిలో "షహరివర్ 1355" అని ఉంది. హైదరాబాద్ ఫసలీ అక్టోబరు 6 ప్రాంతంలో ఆజూర్ నెలతో మొదలవుతుంది. తర్వాత దే, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్ది, ఉర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహరివర్, మెహర్, ఆబాన్. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590 కలుపు, జనవరి నుంచి మళ్లీ అక్టోబరు మొదటి దాకా 591. అంటే షహరివర్ 1355 సుమారుగా 1946 జులై, ఆగస్టు. నీ ముక్క కడవెండి వార్త అన్నావు, సరిగ్గా సరిపోయింది. మద్రాసు వైపు ఫసలీ జులై 1న మొదలవుతుంది, ఆ లెక్క పెట్టుకుంటే తప్పుతావు.

పేపర్ పేరు తెలియాలంటే కాలమ్ వెడల్పు కొలిచి, అక్షరాల మలుపు చూసి, పాత ఫైళ్లతో పోల్చాలి. సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక 1926లో మొదలైంది. మా పాలమూరు బిడ్డ కాబట్టి ముందు దాని పేరు చెప్తున్నా అనుకోకు, అప్పట్లో తెలుగులో ఇక్కడి వార్తలకు పెద్ద దిక్కు అదే. మీజాన్ ఉంది. విజయవాడ నుంచి ప్రజాశక్తి ఉంది. మునగాల దారిలో వచ్చింది ఎక్కువగా అదే అయి ఉంటుందని నా ఊహ. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రెండు చోట్లా అడుగు.

ఒక్క మాట జాగ్రత్త. లెక్క మీద వార్త అతికించాడు కాబట్టి లెక్కను దాచాలనుకున్నాడని వెంటనే తేల్చకు. యుద్ధం రోజుల్లో కాగితానికి బాగా కరువు. ఇంట్లో ఉన్న పుస్తకం అదొక్కటే అయి ఉండొచ్చు.

కాన్సస్‌లో ఉంటున్న దేవరకొండవాసి

అక్కా, మీ మొదటి పేజీలో లింకన్ అని చదివి ఆగలేకపోయాను. నేను పదకొండేళ్లుగా కాన్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడి రాజధాని టొపీకాలో రాష్ట్ర చరిత్ర సంస్థ ఉంది. వాళ్ల దగ్గర అచ్చం మీ తాత పుస్తకం లాంటివి 17 సంపుటాలున్నాయి. థామస్ వెబ్ అనే ఆయన కూర్చిన పేపర్ ముక్కలు.

కథ చెప్తాను, మన బోర్డర్ సంగతిలాగే ఉంటుంది. 1854 మేలో అమెరికా ఒక చట్టం చేసింది. కాన్సస్ ఇంకా రాష్ట్రం కాదు, టెరిటరీ. ఇక్కడ బానిసత్వం ఉండాలా వద్దా అన్నది ఇక్కడ స్థిరపడ్డవాళ్లే ఓటేసి తేల్చుకోవాలన్నారు. పక్కనే మిస్సోరీ, అక్కడ బానిసత్వం ఉంది. 1855 మార్చి 30న శాసనసభ ఎన్నికలు పెడితే, అంతకుముందు తీసిన లెక్కలో ఓటర్లు 2,905 మంది, పడిన ఓట్లు 6,307. మిస్సోరీ నుంచి గుంపులుగా సరిహద్దు దాటి వచ్చి వేసిపోయారు. ఇటువైపు బోస్టన్‌లో బానిసత్వం వద్దనేవాళ్లు ఒక కంపెనీ పెట్టి, జనాన్ని ఇక్కడికి పంపి లారెన్స్ అనే ఊరు కట్టించారు. వెబ్ ఆ కంపెనీకి కార్యదర్శి. కాన్సస్ గురించి ఏ పేపర్లో ఏం వచ్చినా కత్తిరించి అతికించేవాడు.

1856 మే 21న లారెన్స్ మీద దాడి జరిగింది. మర్నాడే వాషింగ్టన్‌లో, బానిసత్వానికి వ్యతిరేకంగా మాట్లాడిన సెనేటర్ సమ్నర్‌ను సభలోనే చేతికర్రతో స్పృహ తప్పేలా కొట్టారు. ఇంకో రెండు రోజులకు, బానిసత్వం మీద ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ మనుషులు పొటావటమీ వాగు దగ్గర అవతలి పక్షంవాళ్లు ఐదుగురిని చంపారు. ఆ వారం కాగితాలన్నీ ఒకచోట చూస్తే గుండె దడదడలాడుతుంది. ఒక పేపర్‌కు బ్రౌన్ దేవుడు, ఇంకోదానికి హంతకుడు. ఆయన్ను 1859 డిసెంబరు 2న ఉరితీశారు. కాన్సస్ 1861 జనవరిలో బానిసత్వం లేని రాష్ట్రంగా చేరింది.

ఫ్రెడరిక్ డగ్లస్ కుటుంబం పుస్తకాలు కూడా అలాంటివే. ఆయన బానిసగా పుట్టి 1838లో పారిపోయి, సొంతంగా పేపర్ నడిపిన మనిషి. 1872లో రోచెస్టర్‌లో ఆయన ఇల్లు తగలబడి ఆ పేపర్ల ఫైళ్లు చాలా కాలిపోయాయి. కొడుకులు ముక్కలు కత్తిరించి పుస్తకాల్లో అతికించి పెట్టారు కాబట్టి కొన్ని సంగతులు ఇవాళ తెలుస్తున్నాయి. మీ తాత దగ్గరున్న ముక్కల్లో కూడా ఇంకెక్కడా మిగలనిది ఒకటో రెండో తప్పక ఉంటాయి.

పాలమూరు సార్ అన్నది నిజం. ఇక్కడ కూడా అప్పట్లో చాలామంది పాత లెక్కల పుస్తకాల మీదే అతికించేవాళ్లు. బంక రాసే గొడవ లేకుండా, ముందే జిగురు పూసిన పేజీలుండే పుస్తకానికి మార్క్ ట్వేన్ 1873లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికే అది అంత పెద్ద అలవాటు. కాబట్టి కాగితం లేకే అతికించారా, కావాలనే ఆ పేజీల మీద అతికించారా అన్నది తేల్చడానికి ఒక దారి ఉందనిపిస్తోంది. మామూలు శిస్తు లెక్కలున్న పేజీల మీద ఏ వార్తలున్నాయి, వెట్టి వంతులున్న పేజీల మీద ఏ వార్తలున్నాయి, విడివిడిగా లెక్కపెట్టి చూడండి.

సూర్యాపేట ఆటో స్టాండ్

మేడం, మీరు నిద్ర పట్టలేదన్నారు కాబట్టి ఇది రాస్తున్నా, తప్పుగా అనుకోవద్దు. ఆ గళ్లలో ఉన్న పేర్ల లాంటివాళ్ల మనవణ్ని నేను. మా ముత్తాత డేరా మోసినోడు. అధికారి గుర్రం ముందు పరుగెత్తాలి, రాత్రి కాగడా పట్టుకోవాలి. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా వంతు ఆగదు. పైస లేదు. మిగిలిన అన్నం పెడితే పెట్టినట్టు. మా నాయినమ్మ అక్కను దొరసాని పెళ్లయి పోతుంటే వెంట ఆడబాపగా, అంటే దాసిగా, పంపిండ్రు. మళ్లీ ఆమెను మావాళ్లు చూడలేదు. ఆమె పేరు మా ఇంట్లో ఇప్పటికీ గట్టిగా పలకరు.

అందరూ నాయకుల ముక్కల గురించి మాట్లాడుతున్నరు. అవి ఇవాళ కాకపోతే రేపు ఇంకో చోట దొరుకుతయి. మా ముత్తాత పేరు కాగితం మీద ఎక్కడుంది? ఓటర్ లిస్టు రాకముందు చనిపోయిండు. పట్టా లేదు. ఆయన బతికిండని చెప్పే కాగితం ఉంటే గింటే ఇట్లాంటి వెట్టి లెక్కలోనే ఉంటది. మీ ఊరోళ్లకు అది మీ తాత పుస్తకంలో ఉంది.

అందుకని రెండు అడుగుతున్నా. ఒకటి, ఆ పేర్లు ఫొటో తీసి నెట్‌లో పెట్టకముందు ఆ ఇండ్లకు పోండి. కొందరు సంతోషపడతరు, కొందరు వద్దంటరు. ఆడవాళ్ల పేర్లుంటే ఇంకా జాగ్రత్త. రెండు, మీ తాత రాసిండన్నది దాచకండి. రాసినోడే తర్వాత సంఘం పేపర్ తెచ్చి చదివిండు అంటే నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు. దాస్తే తగ్గుతది.

మిర్యాలగూడ సోషల్ టీచర్

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. మూడు వారాలు పట్టింది.

పాలమూరు సార్ చెప్పినట్టే చేశాను. చిన్నాన్న మొదట కోప్పడ్డారు. ఒక రాత్రి ఆయన్నే టార్చి పట్టుకోమన్నాను. రెండో పేజీకే మాట్లాడటం మానేశారు. ఇప్పుడు ఫ్రేముల మాట లేదు. ఫొటోలు పెద్దవిగా ప్రింటు తీసి లైబ్రరీలో పెడదామంటున్నారు, నేనూ సరేనన్నాను. పుస్తకాన్ని రెండుసార్లు ఉతికి గంజి వదిలించిన నూలు బట్టలో చుట్టి, మా ఇంట్లో కింది బీరువాలో పెట్టాను. తార్నాకకు సంక్రాంతి సెలవుల్లో వెళ్తాను.

దేవరకొండ తమ్ముడు అడిగిన లెక్క కూడా వేశాను. వెట్టి వంతులున్న పేజీలు మొత్తం 31. వాటిలో 26 పేజీల మీద వెట్టి, సంఘం, కడవెండి, ఐలమ్మ, భూముల వార్తలే ఉన్నాయి. శిస్తు లెక్కలున్న పేజీల మీద ఎన్నికలు, కమిషన్లు, రాష్ట్రం సంగతులు. పుస్తకంలో వెట్టి పేజీలు ఒక్కచోట లేవు, అక్కడక్కడా ఉన్నాయి. అంటే తాత వెతుక్కొని మరీ వాటి మీద అతికించారు. కాగితం కరువు ఒక్కటే అయితే ఇలా ఉండదు కదా సార్. అయినా అది దాచడమో, జవాబు చెప్పుకోవడమో నేను తేల్చలేను. ఇంకొకటి గమనించాను. ఆ 26 పేజీల్లోనూ బంక అంచులకే రాశారు, మధ్యలో రాయలేదు. మిగతా పేజీల్లో మొత్తం పూసేశారు.

సూర్యాపేట అన్నా, మీరు రాసింది మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. మా నాన్న లేచి బయటికి వెళ్లిపోయారు, కాసేపటికి వచ్చి మళ్లీ చదవమన్నారు. ఇప్పటిదాకా 43 పేర్లు చదవగలిగాను. ఊళ్లో తెలిసినవాళ్లను అడిగితే పదకొండు ఇళ్లు తేలాయి. పోయిన ఆదివారం నాన్న, నేను మొదటి ఇంటికి వెళ్లాం. "కుండలు నాలుగు" అని ఉన్న పేరు వాళ్ల తాతది. ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కరే చదువురానివారు. ఫొటో చూపిస్తే మనవడు అక్షరం అక్షరం కూడబలుక్కొని పేరు చదివాడు. ఆమె మా నాన్నను చూసి "నాలుగేనా రాసిండు మీ నాయిన? మోసింది ఎనిమిది" అన్నారు. నాన్న తలొంచుకొని, "రాసుకుంటానమ్మా, చెప్పు" అన్నారు. ఆమె చెప్పడం మొదలుపెట్టారు. చీకటి పడేదాకా రాసుకున్నాం. కొత్త నోటుబుక్కులో 14 పేజీలు అయింది. రేపు ఆదివారం మళ్లీ రమ్మన్నారు.